ఓవెన్ ముందు కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే ప్లంబరు తన అక్క ఇంటికి బయల్దేరతాడు. వెళ్లేది కొళాయిల పని మీద కాదు, కూర్చునే పని మీద.

అక్కకి కేకుల పిచ్చి. ఆసుపత్రిలో నర్సుగా వారమంతా అందరిచేతా చేదు మందులు మింగించి, ఆదివారం వచ్చిందంటే ఆ పాపం కడుక్కోవాలన్నట్టు ఇంట్లో తీపి చేస్తుంది. తను తినేది పిసరంతే. ఇరుగుపొరుగులు, వార్డులో తోటి నర్సులు, చుట్టాలు, చివరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు కూడా చేతిలో ముక్క లేకుండా ఆ ఇంటి మెట్లు దిగడు. మూతపడిన ఓ బేకరీవాళ్లు పాత ఓవెన్ చవగ్గా ఇచ్చేస్తున్నారని తెలిసి ఎగిరి గంతేసి కొనేసింది. నలుగురు మనుషులు నానా తిట్లూ తిట్టుకుంటూ మూడో అంతస్తుకి ఎక్కించిన ఆ ఇనప్పెట్టె, వంటింట్లో సగం తనే ఆక్రమించుకుంది.

అంతా బాగానే ఉంది గానీ, దాని తలుపే బాగాలేదు. అది కిందికి తెరుచుకునే రకం తలుపు. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు కొన్న కొత్తలోనే తెగిపోయింది. మూస్తే బుద్ధిగా మూసుకుంటుంది, మనం అటు తిరగ్గానే మెల్లిగా నోరు తెరుస్తుంది. వేడి బయటికి పోతుంది, కేకు మధ్యలో గుంట పడుతుంది. పిండి డబ్బాలు అడ్డం పెట్టి చూశారు, ఇసుక బస్తా పెట్టి చూశారు. నున్నటి గచ్చు మీద అన్నీ జారిపోయాయి. చివరికి అక్కే ఒక ఉపాయం కనిపెట్టింది. ఓ చెక్క కుర్చీ వీపుని తలుపుకి ఆనించి, మధ్యలో దుప్పటి మడత పెట్టి, అందులో బరువైన మనిషిని కూర్చోబెడితే తలుపు కిక్కురుమనదు.

మరి బరువైన మనిషి కావాలి కదా! అక్క, ఆవిడ మొగుడు ఇద్దరూ ఈనెపుల్లలే. కిందివాటా పెద్దాయన ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే గానీ, ఫోను మోగితే చాలు ఎక్కడున్నాడో మరిచిపోయి లేచిపోయేవాడు. ఆయన ఫోన్లకి రెండు మంచి కేకులు బలైపోయాయి. ఇక మిగిలింది తమ్ముడే. ప్లంబరుని అక్క ఇప్పటికీ బుజ్జీ అనే పిలుస్తుంది. పొత్తిళ్లలో ఉన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు. ఆ బుజ్జి ఇప్పుడు గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. కూర్చున్నాడంటే ఉలకడు, పలకడు. పిండి కలిపిన గిన్నె నాకే హక్కు కూడా అతనికే ఉండేది.

అన్నట్టు, ప్లంబరు ఆదివారాలే రావడానికి మరో కారణం ఉంది. ఆ వేళప్పుడు బావ ఇంట్లో ఉండడు.

బావ బడిలో సంగీతం మాస్టారు. ఆదివారాలు పాటల బృందం ఒకదానికి సాధన చేయించడానికి వెళ్తాడు. పోయిన ఏడాది ప్లంబరు సొంతిల్లు కట్టుకుని, చుట్టాలనీ తన చేత పని చేయించుకునే పెద్దమనుషులనీ పిలిచి కొత్తింట్లో విందు పెట్టాడు. అందరూ తింటూ ఉండగా వంటింట్లో కొత్త కొళాయి టప్ టప్ మని కారడం మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే విననట్టు ఊరుకుందురు. బావ చెవి ఊరుకునే రకం కాదు. ఖాళీ కంచం ఒకటి బోర్లించి, ఆ చుక్కలకి సరిగ్గా దరువేస్తూ, "అందరి నీళ్లూ ఆపే వీరుడా, నీ నీళ్లాపేదెవ్వరురా" అని అప్పటికప్పుడు పాట కట్టి పాడేశాడు. వచ్చినవాళ్లు పొలమారేలా నవ్వారు. బావామరుదుల మధ్య వేళాకోళాలు మామూలే గానీ, ఆ కొళాయి ప్లంబరు ఆ పొద్దున్నే ఎంతో ముచ్చటపడి తన చేతులతో బిగించుకున్నది. అతను నవ్వలేదు. అప్పట్నుంచి బావతో మాటల్లేవు.

ఇక్కడ ఓ రహస్యం చెప్పుకోవాలి. ఓవెన్‌కి కావలసిన స్ప్రింగు ప్లంబరుకి ఎప్పుడో దొరికింది. పనిముట్ల సంచిలో అట్టడుగున, పానాల కింద, గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. "పాత మోడలక్కా, ఎక్కడా దొరకడం లేదు" అని అక్కతో పచ్చి అబద్ధం ఆడుతున్నాడు. తలుపు బాగైపోతే కుర్చీతో పని లేదు. కుర్చీతో పని లేకపోతే, ఆ ఇంటాయనతో మాటల్లేని మనిషి ఇక ఏ ముఖం పెట్టుకుని ఆ గడప తొక్కుతాడు? అక్క చేతి కేకు లేకపోయినా ఎలాగోలా బతుకుతాడేమో. పిండి గిలకొడుతూ అక్క చెప్పే వార్డు కబుర్లు లేకుండా మాత్రం బతకలేడు.

ఆ ఆదివారం అతని భార్య పుట్టినరోజు. ఏం కావాలో చెప్పమంటే, "ఆ కొళాయి బాగుచెయ్యండి, చాలు" అంది. అవును, అది ఇంకా కారుతూనే ఉంది. కింద ఒక బకెట్టు కాపురం పెట్టింది. అదొక్కటి తప్ప ఇంకేదైనా అడగమన్నాడు. "అయితే వదిన చేతి కేకు, ఇంత ఎత్తుది" అని మోచెయ్యి దాకా చూపించింది. "అది కూడా గుంట పడిందంటే మీ పక్క ఆ బకెట్టు పక్కనే."

అందుకని ఆ రోజు ప్లంబరు కుర్చీలో సర్దుకు కూర్చోవడంలోనే ఒక దీక్ష కనిపించింది. అక్క పిండిని కేకు పాత్రలోకి వంచి, ఓవెన్‌లో పెట్టి తలుపు మూసింది. తమ్ముడు వెనక్కి వాలాడు.

"గిన్నె నాకుతావా?"

"వద్దక్కా. డాక్టరు తీపి తగ్గించమన్నాడుగా. చూడు, ప్యాంటు నిలవడం లేదు" అని బెల్టు లాగి గర్వంగా చూపించాడు.

అక్క ఆ సంగతి పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

కేకు వాసన అప్పుడప్పుడే ఇల్లంతా పాకుతోంది. వీధి తలుపు చప్పుడైంది. "పాటగాళ్లందరికీ జలుబులే! గొంతుల్లోంచి పాట రావడం లేదు, తుమ్ములొస్తున్నాయి. సాధన మానేసి వచ్చేశా" అంటూ బావ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

ప్లంబరు లేవబోయాడు. వెనక తలుపు కిర్రుమంది.

"లేచావంటే చంపేస్తా" అంది అక్క, చేతిలో గరిటె పైకెత్తి. ప్లంబరు కూర్చున్నాడు.

"అక్కా, మీ ఆయన్ని హాల్లో కూర్చోమను" అన్నాడు గోడకేసి చూస్తూ.

"ఇది నా ఇల్లేనని మీ తమ్ముడికి చెప్పు" అన్నాడు బావ కిటికీకేసి చూస్తూ.

"మీ ఇద్దరికీ నోళ్లున్నాయి, నాకున్నది ఒక్క నోరు. మీరే చెప్పుకోండి" అంది అక్క. అంతలో ఆవిడ ముక్కు అదిరింది. వంటింట్లో వేడి ఉండాల్సిన దానికంటే ఎక్కువైంది. వంగి చూస్తే ఓవెన్ తలుపు పైన బొటనవేలు పట్టేంత సందు!

"ఒరేయ్ బుజ్జీ, ఎంత తగ్గావురా?"

"ఆరు కిలోలక్కా."

"ఇవాళే తగ్గాలా! ఏవండీ, రండి. వాడి ఒళ్లో కూర్చోండి."

"చస్తే కుదరదు" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం ఏడాదిలో అదే మొదలు.

వాదించే వేళ కాదు. ఆ వంటిల్లు ఇరుకు. బావని ఎదురుగా నేల మీద చతికిలబెట్టి, వీపు అలమరకి ఆనించి, రెండు కాళ్లూ చాపి కుర్చీ అంచుకి తన్నిపెట్టించింది అక్క. సందు మూసుకుంది. "గంట మోగేదాకా ఇద్దరూ కదిలితే ఒట్టు. క్రీము పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో ఉంది, తెస్తా" అని వెళ్లింది. పక్కింట్లో కూర్చుంటే ఆవిడ క్రీము సంగతి మరిచిపోతుందని ఇద్దరికీ తెలుసు.

ఎటు చూసినా ఎదురుగా రెండో మనిషి మొహమే. ప్లంబరు చూపు దించితే బావ పాదాలు కనిపించాయి. మేజోడు చిరిగి, బొటనవేలు బయటికొచ్చి అతన్నే చూస్తోంది. బావేమో తలుపు పక్కన వేలాడుతున్న తెగిన స్ప్రింగు ముక్కని, ఇంట్లో మొదటిసారి చూస్తున్నట్టు, తెగ పరీక్షిస్తున్నాడు.

స్టౌ పక్కన గంట గడియారం టిక్కు టిక్కుమంటోంది. కాసేపటికి బావ వేళ్లు వాటంతట అవే మోకాలి మీద ఆ టిక్కులకి దరువెయ్యడం మొదలుపెట్టాయి. ప్లంబరు చూశాడు. అతను చూడటం బావ చూశాడు. దొరికిపోయినవాడిలా చటుక్కున రెండు చేతులూ చంకల్లో దాచేసుకున్నాడు.

ప్లంబరుకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు.

"ఆ రోజు నేనలా పాడకుండా ఉండాల్సింది" అన్నాడు బావ నేలకేసి చూస్తూ. "నీ ఇంట్లో, నలుగురి ముందు. ఇంటికొచ్చాక మీ అక్క గడ్డి పెట్టింది. ఆవిడ పెట్టకపోయినా సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణే. వచ్చి చెబుదామని రెండుసార్లు మీ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయాను."

"నేనే బిగించాను బావా ఆ కొళాయి. విందు హడావుడిలో తొందరపడ్డాను. నువ్వు పాడకపోతే మర్నాడు బాగుచేసుకునేవాణ్ణి."

"పోనీలే, ఇప్పుడు కారడం లేదుగా?"

"కారుతోంది."

"ఇంకానా! ఏడాదిగానా?"

"బాగుచేస్తే నువ్వన్నది నిజమని ఒప్పుకున్నట్టే కదా" అన్నాడు ప్లంబరు. పైకి అనేశాక అది ఎంత తెలివితక్కువ మాటో అతనికే వినబడింది.

బావ ఒక్క క్షణం బిక్కమొహం వేశాడు. తర్వాత నవ్వాడు. ఆ ఈనెపుల్ల మనిషిలోంచి అంత నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, కళ్లు, భుజాలు, చివరికి కాళ్లు కూడా నవ్వాయి. ప్లంబరు కూడా ఆపుకోలేకపోయాడు. కాళ్లు పట్టు తప్పాయి, కుర్చీ సర్రున ముందుకి జారింది, తలుపు ధడాలున కిందికి పడింది. వేడిగాలి ప్లంబరు మెడ మీద ఛెళ్లున తగిలింది.

"కేకు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ప్లంబరు చేతికి దుప్పటి చుట్టుకుని తలుపెత్తాడు, బావ కుర్చీని తోశాడు, ప్లంబరు అందులో కూలబడ్డాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే బావ వెళ్లి అతని ఒళ్లో కూర్చున్నాడు.

అక్క తిరిగొచ్చేసరికి వాళ్లు అలాగే ఉన్నారు. క్రీము గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. అవి కొంగుతో తుడుచుకుని, "కేకు పాడైతే ఇద్దర్నీ కిందికి తోసేస్తా" అని మాత్రం అంది.

కేకు ఒకవైపు జానెడు లేచింది, రెండోవైపు బెత్తెడు దగ్గరే ఆగిపోయింది. అక్క పల్లంలో క్రీము దట్టించి చదును చేసింది. సాయంత్రం బావామరుదులిద్దరూ చెరోవైపు పట్టుకుని దాన్ని ప్లంబరు ఇంటికి మోసుకెళ్లారు, వెనకే అక్క. క్రీము వైపు ముక్క పుట్టినరోజు మనిషికే వచ్చింది. "వదినా, ఇంత క్రీము నాకోసమేనా!" అని ఆవిడ మురిసిపోయింది. ఎవరూ నోరు విప్పలేదు.

పుట్టినరోజుకి వచ్చినవాళ్లు హాల్లో కేకు తింటూ ఉండగా ప్లంబరు లేచి సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. బావ టార్చి పట్టుకుని వెనకే వెళ్లాడు. ప్లంబరు సింకు కింద దూరి నీళ్లు కట్టేసి, కొళాయి విప్పాడు.

"బావా, సంచిలో చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది, అందుకో."

బావ సంచిలో చెయ్యి పెట్టి కెలికాడు. పానాలు గలగలమన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ప్లంబరుకి. తల పైకెత్తబోతే సింకుకి ఠంగున కొట్టుకుంది. అప్పటికే బావ చేతిలో గుడ్డ మూట విప్పి ఉంది. టార్చి వెలుతుర్లో స్ప్రింగు తళతళా మెరుస్తోంది. మధ్యాహ్నమంతా కళ్లెదుట వేలాడిన ముక్కకి జోడీ.

బావ స్ప్రింగుని చూశాడు, తేలు కుట్టిన దొంగలా ఉన్న బావమరిదిని చూశాడు. వేలితో లాగి వదిలాడు. అది టింగుమంది. హాలు నిండా జనం. పాట కట్టడానికి ఆయనకి ఎంతసేపు పడుతుందో ప్లంబరుకి బాగా తెలుసు. కళ్లు మూసుకున్నాడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" హాల్లోంచి అక్క గొంతు.

"ఏం లేదోయ్, వాషర్ దొరికింది" అన్నాడు బావ.

స్ప్రింగుని మళ్లీ గుడ్డలో చుట్టి, సంచిలో అట్టడుగుకి తోసి, పైన పానాలు పేర్చాడు. తర్వాత వాషర్ వెతికి ఇచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని మెల్లిగా అన్నాడు.

"పాటల సాధన ఇకనుంచి పొద్దుటిపూటకి మార్చేస్తా. నువ్వేమో బరువు తగ్గిపోతున్నావు. ఆ తలుపుకి మనిద్దరం కావాలిగా."

ప్లంబరు తలూపి, వాషర్ వేసి, కొళాయి బిగించి, నీళ్లు వదిలాడు. ఇద్దరూ చెవులు రిక్కించి చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఒక్క చుక్క పడలేదు.