అతుకు

ఆవిడ ఉద్యోగమంతా పగిలిన కార్లతోనే. బీమా కంపెనీలో సర్వేయరు. ఎక్కడ ఏ కారు గుద్దుకున్నా, ఏది బోల్తాపడినా, మర్నాడు పొద్దున్నే వెళ్ళి, చుట్టూ తిరిగి, కిందికి పాకి, బాగుచెయ్యొచ్చో తుక్కు కిందే లెక్కో తేల్చి రాయాలి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. అందరూ సర్వేయరమ్మ అనే పిలుస్తారు. రోజూ చచ్చిన కార్లను చూసే మనిషికి కారంటే ప్రాణమని చెబితే ఎవరూ నమ్మరు గానీ, నిజం అదే.

నలభై రెండో ఏట ఒక ఆదివారం, ఆఫీసులో స్నేహితురాలి పోరు పడలేక ఊరి బయట పాడుబడిన రన్‌వే దగ్గరికి వెళ్ళింది. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు అక్కడ క్లబ్బు పెట్టుకున్నారు. నెలకోసారి ప్లాస్టిక్ కోన్లు పేర్చి, ఒక్కొక్క కారునే వదిలి, ఎవరెంత తొందరగా తిరిగొచ్చారో గడియారం పట్టుకుని చూస్తారు. ఎవరి కారో అడిగి తీసుకుని ఆవిడా ఒక చుట్టు కొట్టింది. దిగేసరికి మొహం వెలిగిపోతోంది. అప్పుడే నిశ్చయించుకుంది. తనకూ ఒక కారు కావాలి. రోజూ ఆఫీసుకి తిప్పాలి, నెలకో ఆదివారం రన్‌వే మీద పరిగెత్తించాలి.

"రెండు పడవల మీద కాళ్ళు పెడతానంటావు," అన్నాడు భర్త.

"పెడితే తప్పేంటి? రెండూ నావే కదా."

ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో వేరే మాట లేదు. చివరికి మూడు కార్లు మిగిలాయి. ఒకటి తెల్ల హ్యాచ్‌బ్యాకు. ముందు చక్రాలతో లాగే బండి, చిన్నదైనా చురుకైనది, స్పేర్ పార్టులు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. రెండోది నాలుగు తలుపులది, ఇంజిను పెద్దది. కానీ గున్న ఏనుగంత బరువు, మలుపు తిప్పితే ఒళ్ళంతా ఊగుతుంది. మూడోది ఎర్రటి రెండు సీట్ల కారు. నేలకి అంగుళాల ఎత్తులో, వెనక చక్రాలతో నెట్టుకుంటూ పోయే అసలుసిసలు స్పోర్ట్స్ కారు. ఫోటో చూసిన రోజునుంచీ మనసంతా దాని మీదే.

"రెండే సీట్లా? మరి నేనెక్కడ కూర్చోవాలమ్మా, డిక్కీలోనా?" అని అడిగింది అత్తగారు.

"మీకు తెల్లదే నచ్చుతుంది లెండి అత్తయ్యా."

"నాకు నచ్చినా నచ్చకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పనికొస్తే చాలు. ఆ ఎర్రదాన్లోకి నన్ను దింపాలంటే బావిలోకి బకెట్ దింపినట్టు తాడు కట్టాలి."

అందరూ నవ్వారు. సర్వేయరమ్మ కూడా నవ్వింది గానీ ఎర్ర కారు మాత్రం మనసులోంచి దిగలేదు. క్లబ్బులో కూడా దాని గురించే చెప్పింది, ఏ డీలరు దగ్గరుందో, ఎంత తక్కువ తిరిగిందో, రంగు ఎంత నిగనిగలాడుతోందో. అందరికంటే చెవులు రిక్కించి విన్నది లెక్కల మాస్టారు. ముప్ఫై రెండేళ్ళవాడు, బడిలో లెక్కలు చెబుతాడు. ఆవిడని అక్కా అని పిలుస్తాడు.

మరుసటి శనివారం మధ్యాహ్నం కారు చూడ్డానికి ఒక్కతే వెళ్ళింది. డీలరు ఎప్పుడూ నవ్వుతూనే ఉండే మనిషి. అవతలివాళ్ళు ఏమైనా అన్నా అనకపోయినా నవ్వుతాడు. షెడ్డులో చివరి వరసలో, మిగతా కార్లకి కాస్త ఎడంగా, ఎర్ర కారు నిలబెట్టి ఉంది. గోడ మీంచి పడే ఎండలో దాని పైపూత అద్దంలా మెరుస్తోంది.

"ఒకే చేతి బండి మేడమ్. డాక్టరుగారు వాడారు. ఆయన విదేశాలకి వెళ్తూ అమ్మేశారు."

"ఏ డాక్టరు?"

"ఎముకల డాక్టరు," అని నవ్వాడు.

రోడ్డు మీదికి తీసింది. ఇంజిను గొంతు విని ఒళ్ళు పులకరించింది. గేరు వేస్తే వెన్నలో కత్తిలా దిగింది. కానీ తిన్నని రోడ్డు మీద వేగం పెరిగాక స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకుంటే కారు మెల్లగా ఎడమకి జరిగింది. ఎవరో పక్కనుంచి కొంగు పట్టి లాగినట్టు. సరిచేస్తే మళ్ళీ జరిగింది. పక్క సీట్లో డీలరు నవ్వుతూ, "చక్రాల అలైన్‌మెంటు మేడమ్, అరగంట పని," అన్నాడు.

తిరిగొచ్చాక ఆవిడ చేతులు అలవాటు కొద్దీ తమ పని తాము మొదలుపెట్టాయి. తలుపుకీ బాడీకీ మధ్య సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి లాగింది. కుడి తలుపు సరిగ్గానే ఉంది. ఎడమ తలుపు సందు పైన సన్నం, కింద వెడల్పు. పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి సందులు ఎన్ని చూసిందో!

"ఆ కార్పెట్ ఒకసారి ఎత్తుతాను."

"అతికించి ఉంటుంది మేడమ్, పాడవుతుంది," అంటూ డీలరు ఒక అడుగు ముందుకేశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుంది. ఆవిడ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. సీటు వెనక కార్పెట్ అంచు పట్టుకుని లాగితే చిర్రుమని లేచింది.

ఇనుప నేల మీద అడ్డంగా, ఈ గుమ్మంనుంచి ఆ గుమ్మందాకా, రబ్బరులాంటి నల్ల రంగు దట్టంగా పూసి ఉంది. దానికి అవతల పసుపు రంగు పెయింటు పెన్నుతో రాసిన రెండంకెలు. నాలుగు, ఏడు. ఏడు మీద అడ్డగీత. వాటి ముందు ఉండాల్సిన అంకెలు నల్ల రంగు దగ్గర తెగిపోయాయి.

ఆ అడ్డగీత తనదే. చిన్నప్పటినుంచీ ఏడంకెని అలాగే రాస్తుంది.

రెండేళ్ళ కిందట, వంతెన గోడకి గుద్దుకున్న ఇదే రకం నీలం కారు. ముందు సగం అప్పడంలా నలిగిపోయింది. నడిపినాయన దక్కలేదు. సీటు బెల్టు కోసి ఆయన్ని బయటికి తీశారు. కోసిన బెల్టు కొస ఇంకా బకిలులోనే ఇరుక్కుని ఉంది. చిరిగిన కార్పెట్ కింద బోడి ఇనుము మీద ఆవిడే ఫైలు నంబరు వేసి, కాగితం మీద "పూర్తి నష్టం, తుక్కు" అని రాసి సంతకం పెట్టింది. దాన్ని కంపెనీ వేలంలో తుక్కు కింద అమ్మేసింది. ఎవరో దాని వెనక సగం కోసుకుని, వెనక పాడైన ఇంకో కారు ముందు సగానికి అతికించి, ఎర్ర రంగు పూశారు. కాగితాలన్నీ ముందు సగానివి. అందుకే అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"ఏమైంది మేడమ్?" నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

"ఏం లేదు. ఆలోచించుకుని చెబుతాను," అంది. ఆ మాట తన నోటినుంచి ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే తర్వాత ఆవిడకే ఒళ్ళు జలదరించేది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. "పైన పటారం, లోన లొటారం అన్నమాట. పోనీలే, నువ్వు కొనలేదు కదా," అన్నాడాయన. నిజమే. కానీ ఫిర్యాదు చెయ్యాలంటే తన కంపెనీ అమ్మిన తుక్కే అది అని తనే చెప్పాలి. మేనేజరు ఏమంటాడో. సోమవారం చూద్దామనుకుంది. సోమవారం మంగళవారం అయింది. మంగళవారం సాయంత్రం క్లబ్బు గ్రూపులో ఫోటో వచ్చింది. ఎర్ర కారు, దాని పక్కన లెక్కల మాస్టారు, ఆయన భుజాల మీద ఏడేళ్ళ కూతురు.

వెంటనే ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"అక్కా, నువ్వు కావాలనుకున్న బండి నేను తీసుకున్నానని కోపమా?"

"కోపం కాదు తమ్ముడూ, కార్పెట్ ఎత్తి చూడు."

"చూశాను. నల్ల రంగు ఉంది. తుప్పు పట్టకుండా వేస్తారట, డీలరు చెప్పాడు. పసుపు అంకెలు ఏమీ లేవు."

ఆ మూడు రోజుల్లో వాటి మీద కూడా పూసేశారన్నమాట. తనే చూపించి వచ్చినట్టయింది.

"శనివారం చూశావు కదక్కా, ఇవాళ మంగళవారం. అంత ప్రమాదమైతే అప్పుడే గ్రూపులో పెట్టేదానివి," అన్నాడు. "అందని ద్రాక్ష పుల్లన అంటారే, అలా ఉంది," అని ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం రన్‌వే మీద, పందేనికి ముందు కార్లు తనిఖీ చేసే పెద్దాయన్ని పట్టుకుంది. ఆయన బ్రేకులు, టైర్లు, బెల్టు, హెల్మెట్ చూసి చీటీ అంటిస్తాడు. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"నువ్వు చెప్పేది అబద్ధం అననమ్మా. కానీ కార్పెట్లు పీకి చూడటం మా రూల్లో లేదు. కాగితాలు బాగున్నాయి, బండి బాగుంది. ఏమని ఆపను?"

మాస్టారు హెల్మెట్ పెట్టుకుంటూ ఆవిడ వైపు చూడలేదు. జెండా ఊపారు. ఎర్ర కారు దూసుకుపోయింది. ప్రతి మలుపులోనూ ఆవిడ ఆ కారు నడుమే చూసింది. ఏమీ కాలేదు. మూడు చుట్లూ పూర్తిచేసి రెండో స్థానంలో నిలిచాడు. చప్పట్లు కొట్టారు. ఎవరో "సర్వేయరమ్మ దిష్టి కూడా పనిచెయ్యలేదు" అంటే గొల్లుమన్నారు. కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఎడమ తలుపు రెండుసార్లు వేస్తేగాని పడలేదు. అది ఆవిడ ఒక్కతే చూసింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, ఆఫీసు దగ్గర సిగ్నల్లో ఎర్ర కారు కనిపించేది. మాస్టారు, పక్కన కూతురు. పిల్ల చెయ్యి ఊపేది. సర్వేయరమ్మ చెయ్యి ఊపుతూనే తలుపు సందు వైపు చూసేది. అంత దూరంనుంచి కనిపించదని తెలిసినా చూసేది. ఈలోగా తెల్ల హ్యాచ్‌బ్యాకు కొనేసింది. అత్తగారు సంబరపడింది. సర్వేయరమ్మకి మాత్రం, పెళ్ళిచూపుల్లో ఒకరిని చూసి ఇంకొకరిని చేసుకున్నట్టుగా కూడా అనిపించలేదు. అసలేమీ అనిపించలేదు.

పదో రోజు పొద్దున ఫోన్.

"అక్కా, చిన్న విషయం. ఎడమ తలుపు పట్టడం లేదు. వేస్తే మళ్ళీ తెరుచుకుంటోంది. నిన్న రోడ్డు మీద పెద్ద గుంట తగిలింది, అప్పట్నుంచీ. ఏమై ఉంటుంది?"

"ఎక్కడున్నావు?"

"బడికి వెళ్తున్నా. పాప తలుపు పట్టుకుని కూర్చుంది."

"ఆపు. ఉన్నచోటే పక్కకి తీసి ఆపు. ముందు పాపని దింపు. నువ్వూ దిగు. ఒక్క అడుగు కూడా నడపకు."

"అక్కా..."

"నన్ను ఎన్నయినా తిట్టుకో. దిగు!"

వెళ్ళేసరికి ఇద్దరూ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నారు. పిల్ల బ్యాగు గుండెకి హత్తుకుని ఉంది. కారు నడుం కొంచెం కుంగినట్టుంది. ముసలి గుర్రం వీపులా. సర్వేయరమ్మ కార్పెట్ పీకేసింది. నల్ల రంగు పొడవునా చిట్లింది. చిట్లిన చోట కింద రోడ్డు కనిపిస్తోంది. జేబులోంచి తన తాళంచెవి తీసి ఆ సందులో పెడితే, అడ్డం లేకుండా మొత్తం దిగిపోయింది.

మాస్టారు చూశాడు. తర్వాత కూతురిని చూశాడు. ఫుట్‌పాత్ అంచు మీద కూలబడ్డాడు.

"దీన్ని తుక్కు చేయించు. నేను పక్కనుండి కోయిస్తాను," అంది ఆవిడ.

"డీలరుకి ఫోన్ చేశానక్కా, నువ్వొచ్చేలోపు. వెనక్కి తీసుకుంటానన్నాడు. డబ్బు మొత్తం ఇచ్చేస్తానన్నాడు. ఒక్క మాట కూడా వాదించలేదు."

"తీసుకుని ఏం చేస్తాడో తెలుసు కదా."

"తెలుసు." తలెత్తలేదు. "నాలుగేళ్ళు ట్యూషన్లు చెప్పి కొన్నానక్కా. తుక్కు చెయ్యడానికి నాకు ధైర్యం చాలదు. నువ్వు ఏమన్నా అను."

శనివారంనుంచి మంగళవారందాకా నోరు మూసుకున్న మనిషి ఏ మొహం పెట్టుకుని అంటుంది? మధ్యాహ్నానికి డీలరు మనుషులు లారీ తెచ్చి ఎర్ర కారుని దాని మీదికి ఎక్కించుకుపోయారు.

ఈసారి ఆలస్యం చెయ్యలేదు. ఆ రోజే, ఫుట్‌పాత్ పక్కన తీసుకున్న ఫోటోలతో రవాణా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. రశీదు ఇచ్చారు. మేనేజరుకి రాసింది. "మనం తుక్కు అని రాసి తుక్కుగానే అమ్మాం. కొన్నవాడు ఏం చేసుకున్నాడో మనకెందుకమ్మా?" అన్నాడు. రోజూ రవాణా ఆఫీసుకి వెళ్ళి కూర్చునేది. ఎనిమిదో రోజున ఒక ఇన్‌స్పెక్టరు, ఇక ఈవిడ వదిలేలా లేదని, లేచి వచ్చాడు. ఆయన్ని తన తెల్ల కారులోనే ఎక్కించుకుని షెడ్డుకి తీసుకెళ్ళింది.

చివరి వరసలో బూడిదరంగు వ్యాను నిలబెట్టి ఉంది.

"ఎర్రదా మేడమ్? మొన్ననే అమ్ముడుపోయింది," అన్నాడు డీలరు, నవ్వుతూ. "బాగుచేయించే ఇచ్చాంలెండి, ఇప్పుడు తలుపు చక్కగా పడుతోంది. ఎవరో దూరంవాళ్ళు. అబ్బాయి కాలేజీకి వెళ్ళిరావడానికట."

"కొన్నవాళ్ళ అడ్రసు?" అంది సర్వేయరమ్మ.

"ఇంకా కాగితాలు మారలేదు సార్," అన్నాడు డీలరు, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి. "మారగానే పంపిస్తాను."

ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఏదో రాసుకుని, టీ తాగి వస్తానని బయటికి నడిచాడు. సర్వేయరమ్మ వచ్చి తన కారులో కూర్చుంది. గేటు అవతల రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పచ్చవి, నీలంవి, తెల్లవి. ఏదీ ఎర్రది కాదు. కానీ రంగు మార్చడానికి ఎంతసేపు? స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, పోతున్న ప్రతి కారు ఎడమ తలుపు వైపూ చూస్తూ, ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చి అద్దం మీద తట్టేదాకా అలాగే కూర్చుండిపోయింది.