మేస్త్రీ పేరు అనకూడదు

డెబ్బై ఎనిమిదిలో హార్బరు గేటు దగ్గర రోజూ పొద్దున జరిగే పని ఇది. రెండు వందల మంది కూలీలు నిలబడి ఉంటారు. కాంట్రాక్టరు తాలూకు మేస్త్రీ అర్జునరావు స్టూలెక్కి అరవై ఇత్తడి బిళ్లలు గాల్లోకి విసురుతాడు. బిళ్ల దొరికినవాళ్లకే ఆ రోజు ఓడ మీద పని. మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఏరుకోవాలి. ఆ తోపులాటలో గంపలు మోసే గంగాలమ్మ చెయ్యి ఎవరి కాలి కిందో పడి రెండు వేళ్లు విరిగాయి. మేస్త్రీ నవ్వాడు. నేను కళ్లారా చూశాను.

దాని మీదే మా కుర్రకారు నాటిక కట్టాం. రాత ప్రతి లేదు. బాధ పడ్డవాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు ఆడాలి, అదీ మా పద్ధతి. ఒక్కటే కట్టుబాటు, మేస్త్రీ పేరు ఎవరూ అనకూడదు. అంటే కేసులు పెడతారు, చూడ్డానికొచ్చిన కూలీలకు మర్నాడు పని పోతుంది.

మిత్రులారా, ఇక్కడ నా సిగ్గు చెప్పుకోవాలి. నాటిక ఆలోచన నాది. కాలేజీలో ఉపన్యాసాలు దంచేవాణ్ణి. అయినా చప్పట్లన్నీ మేస్త్రీ వేషం వేసిన రహమాన్‌కే. వాడు పాతూరి దర్జీ కొడుకు, తనూ బిళ్లల కోసం పడి లేచేవాడే. విసిరేముందు అర్జునరావు బిళ్లలు గుప్పిట్లో గలగలలాడిస్తూ ఎవరి మొహం ఎంత వాడిందో చూసేవాడు. రహమాన్ అదొక్కటి చేస్తే చాలు, జనం ఊగిపోయేవారు. కూలీ వేషంలో నా ఉపన్యాసం మొదలవగానే బీడీలు వెలిగించుకునేవారు. కుళ్లిపోయాను. వర్గశత్రువు మీద రావాల్సిన కోపం రహమాన్ మీద వచ్చేది.

జాలరిపేట ఇసుకలో ఆరోసారి ఆడినప్పుడు ఇక ఆగలేకపోయాను. వాడు బిళ్లలు విసరగానే ఉపన్యాసం వదిలేసి, “అర్జునరావూ, నువ్వే వంగి ఏరుకోరా” అనేశాను.

జనం లేచి నిలబడి ఈలలు వేస్తూ చప్పట్లు కొట్టారు. నా జన్మలో మొదటి చప్పట్లు. ఒళ్లు పులకరించింది. రహమాన్ మాత్రం దగ్గరకొచ్చి, “ఏటి బావా, పేరనేసావు” అన్నాడు మెల్లగా.

మర్నాడు మధ్యాహ్నం పోలీసులు దర్జీ కొట్టుకొచ్చి రహమాన్‌ని పట్టుకుపోయారు. మేస్త్రీ వేషం వాడిదే కాబట్టి మాట కూడా వాడిదే అనుకున్నారు. వాడు కాదనలేదట. గంగాలమ్మ మా అందరి ముందూ నన్ను నిలదీసింది.

“సప్పట్లు నీకూ, లాఠీ దెబ్బలు ఆడికీనా?”



సాయంత్రానికి కూలీలంతా స్టేషన్ ముందు చేరి రహమాన్‌ని విడిచిపెట్టాలని నినాదాలిచ్చారు. నిజం చెప్పేస్తాను, ఆ నినాదం విన్నా నా కడుపు మండింది. నా మాటకి వాడికా పేరు? పశ్చాత్తాపం సగం, ఈర్ష్య సగం కలిసి నన్ను మెట్లెక్కించాయి. ఆ మాట నాదేనని ఎస్సైకి చెప్పాను. ఆయన వాణ్ణి వదల్లేదు సరికదా, నన్నూ లాకప్పులోకి తోశాడు.

రహమాన్ పెదవి చిట్లి ఉంది. క్షమించమన్నాను. వాడు జరిగి చోటిచ్చాడు.

“నీ లెక్చర్లన్నిటికన్నా ఆ ఒక్క ముక్కే బాగుంది బావా. నాకు తట్టలేదని నిన్నటి నుంచీ నాను కుళ్లుకుంటన్నాను.”

నేనేదో అనబోయేంతలో బయట నినాదాలు ఆగిపోయాయి. ఇద్దరం కిటికీ దగ్గరకు పోయి చూశాం. గంగాలమ్మ స్టేషన్ అరుగెక్కింది. గులకరాళ్లు గుప్పిట్లో గలగలలాడించింది. ఒక్కో మొహాన్నీ తీరిగ్గా చూసింది. రహమాన్ ఎన్నడూ అంత బాగా చెయ్యలేదు. రాళ్లు విసిరింది. ఒక్కరూ వంగలేదు. నా మాటను అన్ని గొంతులూ కలిసి అన్నాయి.

“అర్జునరావూ, నువ్వే వంగి ఏరుకోరా.”

ఎస్సై లాఠీ తీసుకుని బయటికి పరిగెత్తాడు. ఒకరిద్దరు దెబ్బలు తిన్నారు. అయినా మళ్లీ అదే మాట.

“మన ఏసాలు ఊడిపోయాయి బావా” అన్నాడు రహమాన్. ఇద్దరికీ అసూయగానే ఉంది. ఊచలు పట్టుకుని మేమూ వాళ్లతో గొంతు కలిపాం.