మూడో మెట్టు మీది పట్టీ

గిటారు వాయించేవాళ్ళు ఎడమచేతిని నీళ్ళలో నాననివ్వకూడదంటారు. తియోదోరా అత్తగారు సెగుందా మాత్రం పొద్దున్నే అనే మాట వేరు: "దోరా, దుప్పట్లు కూడా నానబెట్టానే, చూసుకో." పేరుకే దోరా గానీ ఆమె చేతులు ఎప్పుడో కాయలు కాశాయి. తీగలు నొక్కీ నొక్కీ వేళ్ళ కొనల మీద గట్టిపడిన ఆ కాయలు సబ్బునీళ్ళలో నాని పొరలు పొరలుగా ఊడేవి. సాయంత్రం ఏ పెళ్ళిలోనో, ఏ చర్చి పండగలోనో ఆ పచ్చి చర్మంతోనే ఉక్కుతీగలు నొక్కాలి. కాయ పోయాక మిగిలేది పండు కాదు, పుండు.

ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దీవిలో వీళ్ళ జంటను పిలవని పండగ లేదు. కట్టే బ్యానరు మీద మాత్రం "రోహెలియో, అతని గిటారు" అని ఉండేది. పాడేది మొగుడు. గిటారు అంటే దోరా అన్నమాట. ఒకసారి ఆమె కూడా రెండో గొంతు కలపబోతే రోహెలియో మైకు పక్కకు తిప్పేశాడు. "నీది గేదె గొంతు, కింద కింద తిరుగుతుంది. నీకెందుకే మైకు?"

ఆమెది చెవివిద్య. విని పట్టిందే తప్ప ఎవరూ నేర్పలేదు. చేతిలో ఉన్నవి ఆరు కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు. వాటితోనే ఇరవై ఏళ్ళ పాటలూ ఇరవై ఏళ్ళ కాపురమూ లాక్కొచ్చింది. రోహెలియోకి శ్రుతి పెంచాల్సి వస్తే కొత్త కార్డులు అక్కర్లేదు, గిటారు మెడ మీద మూడో మెట్టు దగ్గర కాపో పట్టీ బిగిస్తే సరి. మెట్టినింట్లో ఆమె గొంతు దిగింది గానీ, మెట్టెక్కి అతని గొంతు వెలిగిపోయేది. పట్టీ బిగించినా చెయ్యి పట్టేది పాత జీ (G) కార్డే కనుక అతనెప్పుడూ జీ అనే అనేవాడు. ఆమె జీ హుజూర్.

కిందటేడు పండగ కమిటీ వాళ్ళు సెబూ నగరం నుంచి ఎల్మెర్ అనే కీబోర్డతన్ని తెచ్చారు. "ఏ శ్రుతన్నా?" అని అడిగాడతను. "జీ," అన్నాడు రోహెలియో. గిటారు మెడ మీద పట్టీ మామూలుగానే బిగించి ఉంది. పాట మొదలైంది. రెండు కుక్కలు ఒకే విస్తరి మీద పడ్డట్టు కీబోర్డూ గిటారూ కరుచుకున్నాయి. జనం చెవులు మూసుకున్నారు. రోహెలియో నవ్వుతూ మైకులో అన్నాడు: "క్షమించాలి! మా ఆవిడ పొద్దుటి నుంచీ బట్టలుతికింది. చెవుల్లో ఇంకా నురగ పోలేదు!" అందరూ విరగబడి నవ్వారు. దోరా కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంటికెళ్ళాక అదో తప్పు.

ఇంటికొచ్చాక అతను గిటారును బీరువాలో పెట్టాడు. "కచేరీ రోజునే తీస్తా. ఈలోపు చెవులు కడుక్కో." పాటకు తాళం వేయడం రాని మనిషి గిటారుకు వేశాడు. తప్పు తన చేతిదే అనుకుంటూ నెల రోజులు ఆమె తన వేళ్ళను తనే తిట్టుకుంది.

పక్కింటి ముసలావిడ లోలా ఎపిఫానియా ఒకప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించేది. ఒక ఉదయం బట్టలారేసే తాడు దగ్గరికొచ్చి, "ఆ రోజు నేనూ విన్నానే ఇందాయ్, నా తల్లీ. నువ్వు నవ్వడం కూడా చూశా," అంది. తాడు మీద ఏడు క్లిప్పులు వరసగా పెట్టింది. "ఇవి ఏడు స్వరాలు. ఒకటి పెట్టి ఒకటి వదిలెయ్. ఒకటి, మూడు, అయిదు. ఇదే కార్డు. ఇప్పుడా నడిమిదాన్ని పిసరంత వెనక్కి జరుపు. నవ్వేది కాస్తా ఏడుస్తుంది. ఇంకోటి వదిలి ఏడోదాన్నీ కలుపు. ఇటు ఏడుపూ కాదు, అటు నవ్వూ కాదు."

"మా ఇల్లే," అంది దోరా.

ముసలావిడ పకపకా నవ్వి, తర్వాత నవ్వు మానేసి, తాడు మొత్తాన్ని పక్కకు లాగింది. "పట్టీ బిగిస్తే జరిగేది ఇది. నీ చెయ్యి జీ అంటుంది, తీగ మూడు మెట్లు పైనున్న బీ ఫ్లాట్ పలుకుతుంది. కీబోర్డుకు పట్టీ ఉండదుగా, అతను నిజం జీ వాయించాడు. ఆ రోజు తప్పింది నీ చెయ్యి కాదే. మీ ఆయన నోరు."

తడి దుప్పటి పట్టుకుని దోరా అక్కడే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత రోజూ బట్టలు ఒకటి వదిలి ఒకటిగా ఆరేవి. "ఇదేం ఆరెయ్యడమే, తొర్రిపళ్ళలా?" అనేది అత్తగారు. గిటారు బీరువాలో ఉంది కనుక, ఉతికే చెక్క పిడి మీదే వేళ్ళు పెట్టి దోరా కార్డులు నేర్చుకుంది. అదే జీని మెడ పొడుగునా ఎన్ని చోట్ల పట్టొచ్చో, ఏ కార్డు దేనికి చుట్టమో, ఏది ఎవరి బదులు నిలబడగలదో. ఆరు కాస్తా అరవై అయ్యాయి. ఒక్కటీ చప్పుడు చేయదు.

ఒకరోజు అన్నం దగ్గర చెప్పి చూసింది. "పట్టీ బిగిస్తే అది జీ కాదండీ, బీ ఫ్లాట్."

రోహెలియో ఎండుచేప ముల్లు తీస్తూ, తల్లి వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా? ఇరవై ఏళ్ళ నుంచి నేను జీ అంటున్నా. ఇవాళ ఈవిడ పేరు మారుస్తోంది."

"రేపు నీ పేరూ మారుస్తుంది," అంది సెగుందా.

అతను దోరా ఎడమచెయ్యి అందుకుని, వేళ్ళు వెనక్కి వంచి, ఆమె ఊపిరి బిగబట్టేదాకా ఉంచి వదిలాడు. "ఇవి కూడా నావే. గుర్తుపెట్టుకో."

మళ్ళీ పండగొచ్చింది. అదే వేదిక, అదే బ్యానరు. మూడో మెట్టు మీద పట్టీని రోహెలియోయే బిగించి ఇచ్చాడు. ఎల్మెర్ శ్రుతి అడిగాడు.

"జీ," అన్నాడు రోహెలియో.

ఎల్మెర్ చెవిలో బీ ఫ్లాట్ అని ఒక్క మాట వేస్తే గండం గట్టెక్కుతుంది. మొగుడి పరువు నిలుస్తుంది. ఊరుకుంటే మళ్ళీ నురగ జోకు. ఎటు తిరిగినా ఇంటికెళ్ళాక తన వేళ్ళు తనవి కావు. అతను వంచిన నాటి నుంచి వంగే ఉన్న ఉంగరపు వేలిని దోరా ఒకసారి చూసుకుంది. పట్టీ విప్పి, అతని చొక్కా జేబులో వేసింది.

"ఏంటిది? పెట్టు! అంత కింద నాకు పలకదు," అన్నాడు పళ్ళ బిగువున.

"మీరేగా జీ అన్నారు."

ఆమె వాయించడం మొదలుపెట్టింది. కీబోర్డూ గిటారూ కలిశాయి. ఎల్మెర్ తలెత్తి ఆమెనే చూశాడు. రోహెలియో గొంతు మొదటి చరణంలోనే బావిలో పడ్డ చెంబులా అడుగున కొట్టుకుని ఆగిపోయింది. జనం ఇంకా నవ్వలేదు, చూస్తున్నారు. మొదటి వరసలో సెగుందా లేచి నిలబడింది.

దోరా వాయిస్తూనే మైకు వైపు ఒక్కడుగు వేసింది.

"జరగండి," అంది. "నాకు అందుతుంది."