ఉప్పు కురిసిన గురువారం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇక్కడే రాలిపోవాలి.

డాన్యూబ్ నది ఒడ్డున ఆ ఊళ్ళో గురువారం సాయంత్రం ఐదింటికి మిరపకాయల ఫ్యాక్టరీ కూత వేసేది, చదువరుల క్లబ్బు తలుపు తెరుచుకునేది. గ్రహాంతరాల నవలల గురించి అంతగా కొట్టుకునే ఊరు బల్గేరియా మొత్తంలో ఇంకోటి లేదు. కాలంలో వెనక్కి వెళ్ళొచ్చా లేదా అని మంగలి స్పాస్‌తో వాదన పెట్టుకుని సగం గడ్డంతో లేచొచ్చిన ఒక పెద్దమనిషి, తొమ్మిదేళ్ళు అలాగే సగం గడ్డంతో తిరిగాడు.

క్లబ్బుకు నియమం ఒక్కటే. లేచి నిలబడినవాళ్ళు ఏ పేజీలో నిద్రొచ్చిందో ముందు చెప్పాలి. పొగడ్తయినా తిట్టయినా ఆ తర్వాతే. మనసులో మాట చెబితే ఆ పుస్తకంలోని వాతావరణం గదిలోకి వచ్చేసేది. అందుకే గుమ్మం పక్కన గొడుగులూ రబ్బరు బూట్లూ ఉండేవి. ఎక్కడో విన్న మాట అప్పజెబితే మాత్రం కిటికీ తెర కూడా కదిలేది కాదు.

నెవ్యానా ఆ ఫ్యాక్టరీలోనే సీసాలకు మూతలు బిగించేది. మూడేళ్ళు కూర్చుని ఒక నవల రాసింది. రెండు చందమామలున్న గ్రహం, అక్కడ మంచుకు బదులు ఉప్పు కురుస్తుంది. టైపు చేసిన ఆరు ప్రతులు ఆ వేసవంతా ఊళ్ళో చేతులు మారాయి. రాజధాని సోఫియాలోని ప్రచురణకర్తల నుంచి మాత్రం రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి సంపాదకుడు తానెవ్ ఉత్తరం రాశాడు: "నేనే వచ్చి మీ క్లబ్బులో కూర్చుంటాను. ఉప్పు కురిస్తే అచ్చేస్తాం. కురవకపోతే ఇక పంపకండి."

"మన పిల్ల! పొరుగూరివాడి ముందు మన పిల్లను తక్కువ చేస్తామా?" అన్నాడు స్పాస్. అందరూ సరేనన్నారు. అక్కడే కొంప మునిగింది.

గురువారం తానెవ్ వానకోటు తొడుక్కునే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. స్పాస్ లేచి, "నాకు ఏ పేజీలోనూ నిద్ర రాలేదు. అద్భుతం!" అన్నాడు. పోస్టాఫీసు రాయ్నా, "నాకైతే వారం నుంచి నిద్రే లేదు. మహాద్భుతం!" అంది. అలా పదకొండు మంది. గదిలో చిటికెడు ఉప్పు కూడా రాలలేదు. తానెవ్ వానకోటు గుండీలు విప్పడం మొదలెట్టాడు. నెవ్యానాకు బతుకంతా ఇక మూతలే అనిపించింది.

అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. నెవ్యానా అత్తగారు కలియోపా. నలభై ఏళ్ళు భూగోళం చెప్పిన మనిషి. మూడు రోజులుగా కోడలితో మాట్లాడటం లేదు. పులుసు మాడినందుకేమో అనుకుంది నెవ్యానా.

"ఒరే స్పాస్, నూట పదో పేజీ దగ్గర నోరు తెరుచుకుని నువ్వు గురకపెడుతుంటే నేను చూశాన్రా! నాకు అరవై రెండో పేజీలోనే నిద్రొచ్చింది. మూడో అధ్యాయం శుద్ధ దండగ. ఆ కెప్టెన్ మనిషి కాదు, మొద్దు."

తానెవ్ బట్టతల మీద ఏదో టక్కుమని పడింది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

కలియోపా కోడలి వైపు తిరిగింది. "ఓడ నడిపే ఆ ముసలిదాన్ని ఉప్పు మైదానంలో ఒంటరిగా ఎందుకు వదిలేశావే? అందరూ దారి తెలిసి వెళ్ళిపోవాలని అది దీపం పట్టుకుని నిలబడిందే! చదువుతూ చదువుతూ పొయ్యి మీద నలభై కిలోల మిరపకాయలు మాడ్చేశాను. నీతో మాట్లాడకపోయింది అందుకే, పులుసు గురించి కాదు!"

ఉప్పు ధారగా దిగింది. కిటికీలో రెండు చందమామలు పక్కపక్కన నిలబడ్డాయి. మోకాళ్ళ లోతు పేరుకుంది. ఆ ఉప్పుతోనే ఊరంతా ఆ ఏడాది ఊరగాయలు పెట్టుకుంది, మిగిలింది రొమేనియాకు పంపారు.

తానెవ్ కలం తీశాడు. "మూడో అధ్యాయం కొట్టేయండి, ముసలామెను వెనక్కి తీసుకురండి. జనవరికల్లా అచ్చు."

నెవ్యానా కనుబొమల మీది ఉప్పు తుడుచుకుంది. "మూడో అధ్యాయం తీసేస్తానండీ. ఆవిడ మాత్రం తిరిగి రాదు. వస్తే ఆ దీపం పట్టుకున్నదానికి విలువేముంది?"

తానెవ్ కలియోపా వైపు చూశాడు, ఆవిడైనా నచ్చజెబుతుందేమోనని.

కలియోపా మెడ నిటారుగా పెట్టింది. "నన్నేం చూస్తారు? అత్తనే లెక్కచేయనిది సోఫియాను లెక్కచేస్తుందా? రాయడం దాని పని. తిట్టడం మా పని. అచ్చు మీ పని. కానివ్వండి."

తానెవ్ కలం మీది ఉప్పు దులిపి సంతకం పెట్టాడు.

పొద్దున మూడో ముద్రణ దిగిందట. పుస్తకాల కొట్టు దగ్గర మొదలైన వరస రేవు దాటి నదిలోకి వెళ్ళిందట, చివరివాళ్ళు పడవల్లో నిలబడ్డారట. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. లే, చెప్పులేసుకో, నా పేరు చెప్పి వరసలో నిలబడు. రెండు ప్రతులు తీసుకురా. ఒకటి నాకు, ఇంకోటి నాతో ఒప్పుకోని వాళ్ళకు.