ఆఖరి చుట్టు

ఆయన్ని అందరూ కత్తుల మాస్టారు అనేవారు. అలాగని జన్మలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన మనిషి కాదు. పాత సామాన్లు వేలం వేసే ఒక పెద్ద సంస్థలో వెనకగది ఆయనది. రెండు వందల ఏళ్ళ కిందట యూరప్ గుర్రపు దండుల వాళ్ళు నడుముకి కట్టుకు తిరిగిన కత్తులు ఆ గదికొస్తే, ఏది అసలు, ఏది నకిలీ, ఏది సగం సగం అని తేల్చి సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం పడిందంటే ఇంక మాట్లాడేది లేదు. మాస్టారు కూడా అదే మాట రోజుకి నాలుగుసార్లు అనేవాడు.

పొగరా అంటే, పొగరే. అది లేకపోతే ఈ కథే లేదు.

ఇంటి సంగతి వేరు. భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. రెండు గదుల వాటాలో ఒక కుర్చీలో ఆయన కూర్చుంటే రెండో కుర్చీలో ఉతికిన బట్టలు కూర్చునేవి. సెలవు రోజుల్లో పొద్దుటినించి సాయంత్రం దాకా నోరు తెరిచే అవసరమే పడేది కాదు. ఒకసారి ఎవరో తలుపు కొడితే ‘ఎవరూ’ అనబోయి గొంతు పెగల్లేదు. తీరా చూస్తే పక్కింటి పార్సిలు పొరపాటున తెచ్చిన మనిషి. పాపం, అతన్ని పట్టుకుని, ఆ పార్సిలు ఎక్కణ్ణించి వచ్చింది, ఎంత బరువుంటుంది, లోపల ఏముండొచ్చు అని పావుగంట నిలబెట్టేశాడు.

నా అన్నవాడు ఒక్క తమ్ముడు. అదే ఊళ్ళో, రెండు బస్సులు మారితే వచ్చేంత దూరంలో, తండ్రి వదిలిపోయిన మరమ్మతుల షాపులో ఉన్నాడు. ఇద్దరికీ మాటల్లేక ఇరవై రెండేళ్ళు.

ఆ మంగళవారం బల్ల మీదికొచ్చింది ఒక వంపు కత్తి. మాస్టారు దాన్ని పదును లేని వీపు పైకి తిప్పి భూతద్దం పెట్టాడు. కర్మాగారం పేరు, నెల, 1813 అని సంవత్సరం, గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. నకిలీగాళ్ళు అక్షరాలని యాసిడ్‌తో తినిపిస్తారు. అలా తినిపించిన అక్షరం అడుగు గరుగ్గా ఉంటుంది. ఇది ఉలితో చెక్కింది, అడుగు నున్నగా ఉంది. తనిఖీదారుల ముద్రలు పెసరగింజంత, ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. పిడి చుట్టూ చేతికి కాపుగా ఉండే ఇత్తడి కొమ్మలు మూడూ సరిగ్గానే ఉన్నాయి. బాగుంది, సంతకం పెట్టేయొచ్చు అనుకుంటూ అలవాటుగా పిడి పట్టుకున్నాడు. బొటనవేలికి ఏదో తగిలింది.

పిడి అంటే చెక్క, దాని మీద తోలు, తోలు మీద గాడిలో చుట్టిన ఇత్తడి తీగ. రెండు సన్న తీగలు కలిపి కుడివైపుకి మెలిపెట్టి చుడతారు. ఇందులోనూ అలాగే ఉంది. ఆఖరి చుట్టులో మాత్రం మెలిక ఎడమవైపు తిరిగింది, గాడిలో తీగ ఇంకా మాసిపోలేదు.

మాస్టారు భూతద్దం కింద పెట్టేశాడు.

లోకంలో అలా తీగ చుట్టేది ఒక్క షాపులోనే. అది వాళ్ళ నాన్న పెట్టిన కట్టడి. ‘ఎంత పాత కత్తినైనా బాగుచెయ్యండిరా, కానీ బాగుచేశారని తెలిసేలా ఆఖరి చుట్టు ఎడమకి తిప్పండి. రేపెవడూ మోసపోకూడదు’ అని కొడుకులిద్దరికీ చేతులు పట్టుకుని నేర్పాడాయన.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక వ్యాపారి, మరమ్మతు చెయ్యి పడని అసలు కత్తి అని చెప్పి ఒకటి వేలానికి తెచ్చాడు. పిడి తోలు కుట్టు చూడగానే మాస్టారికి తమ్ముడి చెయ్యి తెలిసిపోయింది. నిండు సభలో లేచి, ‘ఇది నకిలీ. చేసినవాడు మా తమ్ముడే’ అని చెప్పేశాడు. సొంతవాణ్ణి కూడా వదలని నిజాయితీపరుడని అందరూ మెచ్చుకున్నారు. తమ్ముడికి మాత్రం దొంగ అని పేరు పడింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి వాడు అడిగింది ఒకటే మాట.

“ఆఖరి చుట్టు చూశావా అన్నయ్యా?”

“దొంగ పనికి ముద్రొకటా? చూడక్కర్లేదు.”

“ఒక్కసారి చూడు.”

అన్నయ్యగారు తలుపేసేశాడు. భార్య వెనకనించి ‘చూస్తే పోయేదేముంది’ అంటే ఆవిడ మీద కూడా ఎగిరాడు.

ఇప్పుడు మాస్టారు లేచి బీరువా తెరిచాడు. వచ్చిన ప్రతి కత్తికీ తీసిన ఫోటోలు ఏడాదికో ఆల్బం చొప్పున ఉన్నాయి. ముందు ఇరవై రెండేళ్ళ నాటిది తీశాడు. పిడి ఫోటో మీద భూతద్దం పెట్టాడు. ఆఖరి చుట్టు ఎడమకే ఉంది. గుర్తు పెట్టే ఇచ్చాడు తమ్ముడు. దాచింది ఆ వ్యాపారి.

అక్కడితో ఆగినా బాగుండేది. మనిషి ఆగలేదు. మిగతా ఆల్బంలన్నీ దించి నేల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనం మాటే మరిచాడు. సాయంత్రానికి తొమ్మిది కత్తులు తేలాయి. తొమ్మిదింటి మీదా తమ్ముడి చుట్టు ఉంది; తోలు కుట్టు మాత్రం పోనుపోను పాతవాళ్ళ కుట్టులో కలిసిపోయేంత కుదిరింది. తొమ్మిదింటి కిందా ‘పిడితో సహా అసలైనది’ అని తన సంతకం ఉంది. ఎడమ మెలిక చూడాలని పుట్టినప్పట్నించీ తెలిసినవాడు ఒక్కదాంట్లో కూడా చూడలేదు. ఎందుకు చూస్తాడు? దొంగ గుర్తు పెట్టడని తేల్చేసుకున్నాడు కదా!

మర్నాడు ఒక కాగితం రాసి మేనేజరమ్మ ముందు పెట్టాడు. ‘ఈ కత్తి ఉక్కు అసలైనది, పిడి మరమ్మతు. చేసినవాడు గుర్తు పెట్టాడు. ఇరవై రెండేళ్ళ కిందట నేను నకిలీ అన్నదాని మీదా ఇదే గుర్తుంది. అందులో మోసం లేదు. తప్పు నాది’ అని ఉంది అందులో. కింద తొమ్మిది కత్తుల వివరాలు.

ఆవిడ రెండుసార్లు చదివింది.

“మాస్టారూ, ఇది బయటికెళ్తే మీ సర్టిఫికెట్లన్నీ మళ్ళీ తిరగెయ్యాలి. మీచేత ఇంక సంతకం పెట్టించలేం. ఆలోచించుకున్నారా?”

“ఇరవై రెండేళ్ళు ఆలోచించకుండా ఉన్నానమ్మా. పంపించెయ్యి.”

“ఆ షాపు విషయం...” అని ఆవిడ ఏదో అనబోయింది. ఆ ఊసెత్తితే మాస్టారు మండిపడతాడని ఆఫీసంతా ఎరుగును. ఆవిడ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఆయన అప్పటికే ఇంకో ప్రతి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

రెండు బస్సులూ మారాడు. దారంతా ఏమనాలో కూడబలుక్కున్నాడు. ‘చూశానురా’ అందామనుకున్నాడు. వాడు తిట్టనీ, మెడపట్టి గెంటనీ, వాడి గొంతు వినపడితే చాలు. ఇంటికి తీసుకెళ్ళి ఆ రెండో కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టాలని కూడా అనుకున్నాడు.

షాపు అలాగే ఉంది. తోలు వాసన, సరేసు వాసన, బల్లంతా ఇత్తడి రజను. ఏప్రాన్ కట్టుకున్న ఒకమ్మాయి వైసులో బిగించిన పిడికి తీగ చుడుతోంది.

“శనివారం దాకా కొత్త పని తీసుకోవట్లేదండీ” అంది తలెత్తకుండానే.

“పని కోసం కాదమ్మా. మా తమ్ముడు...”

ఆ పిల్ల తలెత్తి చూసి పటకారు కింద పెట్టింది. “పెదనాన్నా?”

విడిపోయేనాటికి ఆరేళ్ళ పిల్ల. “ఎలా గుర్తుపట్టావే?”

“అచ్చం నాన్న ముక్కు.”

“ఎక్కడ వాడు? పిలువు, మాట్లాడాలి.”

ఆ పిల్ల చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది. “మీకెవరూ చెప్పలేదా? నాన్న పోయి మూడేళ్ళయింది.”

“కాదు తల్లీ” అన్నాడు మాస్టారు. తన వెనకగదిలో తీర్పు చెబుతున్నంత గట్టిగా అన్నాడు. “నిన్ననే వాడు కట్టిన పిడి చూశాను. తీగ ఇంకా మాసిపోలేదు. ఏడాది కూడా కాలేదు. నా కన్ను పొరబడదు.”

“అది నేను కట్టింది పెదనాన్నా.”

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఎలా కనిపెట్టారు?” అంది ఆ పిల్ల.

“బొటనవేలికి తగిలింది.”

“తగులుతుంది. ఎడమకి తిప్పేటప్పుడు తీగ పైకి తేలిపోతుంది, నాకింకా చెయ్యి తిరగలేదు. నాన్నదైతే తగిలేది కాదు. కావాలని చూస్తేనే కనపడేది.” ఆ పిల్ల వైసులో పిడి మీద తీగ కొసని వేలితో నొక్కింది. “మీరు చూస్తారనే అనుకునేవాడు. తను కట్టిన కత్తి మీ దగ్గరికి వెళ్తోందని తెలిస్తే చాలు, వారం రోజులు ఫోను దగ్గర్నించి కదిలేవాడు కాదు. అన్నయ్య చూస్తాడు, చూస్తే ఫోను చేస్తాడు అని. బయట పనులన్నీ అమ్మే చూసుకునేది. వారం తరవాత లేచి, ‘ఈసారి పనిలో తీరిక లేదేమో’ అనేవాడు.”

“ఎన్నిసార్లు?” అని అడగనే అడిగాడు, జవాబు జేబులో పెట్టుకుని.

“చాలాసార్లు. నేను లెక్కపెట్టలేదు.”

మాస్టారు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆ పిల్ల నిలబడే చదివింది. చదివి, మడిచి బల్ల మీద పెట్టింది.

“ఫోను ఎక్కడుండేది?”

ఆ పిల్ల కిటికీ పక్కకి చూపించింది. గోడకి పాత ఫోను, దాని కింద ఎత్తు తక్కువ స్టూలు ఉన్నాయి. మాస్టారు వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గోడకి తగులుతున్నాయి, కాళ్ళు చాపుకునే చోటు లేదు. వారం రోజులు ఇక్కడెలా కూర్చునేవాడు, పిచ్చి వెధవ, అనుకున్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆ పిల్ల కాసేపు చూసి, మళ్ళీ పటకారు అందుకుంది. షాపు మూసేవేళయ్యేదాకా ఆయన్ని లెమ్మనలేదు.