గోదామక్క

అరల్లో పేర్చిన డిస్కు పెట్టెల్లో ఒక్కొక్కదాని మీదా ఆమె అరచెయ్యి ఆనించి చూసుకుంటూ పోతోంది, జ్వరం తగిలిన పిల్లల నుదురు చూసినట్టు. కింది అరలో చివరి పెట్టె దగ్గర చెయ్యి ఆగింది. మిగతావాటికన్నా అది వేడిగా ఉంది. వంగి చెవి పెట్టింది. లోపల ఎవరో నిద్దట్లో పళ్ళు కొరుకుతున్నట్టు సన్నటి చప్పుడు.

"నీకూ వేళ దగ్గరపడిందా తల్లీ" అని లేచి, నడుం పట్టుకుని నిలబడింది.

బస్టాండు అడుగున, కిటికీ లేని గది అది. పైన బరువైన బస్సు వచ్చి ఆగినప్పుడల్లా బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. యంత్రాలకు చల్లదనం కావాలి కనక మండుటెండల్లో కూడా ఆమె మోచేతుల దగ్గర అతుకులు పడిన స్వెట్టరు వేసుకుంటుంది, కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కుంటుంది. పొట్టి మనిషి. తెర వైపు సాచీ సాచీ మెడ కాస్త ముందుకు వంగిపోయింది. చలికి వేళ్ళ కొసలు పగిలి ఉంటాయి. కళ్ళజోడు పడిపోకుండా దారం కట్టుకుంది.

బస్టాండులోని కెమెరాలన్నీ పగలూ రాత్రీ తీసే బొమ్మలు తీగల వెంట ఈ గదికే వచ్చి పడతాయి. పైన గార్డుల గదిలో తెరల ముందు కూర్చుని వాటిని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. చూడటం ఆమె పని కాదు. దాచటం ఆమె పని. అడిగితే వెతికి తీసివ్వటం ఆమె పని. చోటు చాలనప్పుడు నొక్కిపెట్టటం, మరీ చాలనప్పుడు పాతవి చెరిపెయ్యటం కూడా ఆమె పనే. అందుకే అందరూ ఆమెను గోదామక్క అంటారు. "నీ గోదాంలో గింజ కూడా కనబడదేం అక్కా?" అని గార్డులు వేళాకోళమాడితే, "ఎలకలకు దొరక్కుండా దాచానురా, అందుకే మీకు కనబడదు" అంటుంది.

బొమ్మల్ని ఉన్నవి ఉన్నట్టు దాచుకుంటూ పోతే ఎన్ని డిస్కులైనా బకాసురుడి నోటికి బండెడు కూడే. అందుకని యంత్రం ఒక కిటుకు చేస్తుంది. ముందు ఒక పూర్తి బొమ్మ దాస్తుంది. ఆ తర్వాత కాసేపు, అందులో ఏది కదిలిందో, ఏది మారిందో అంతవరకే రాసుకుంటుంది. గోడ గోడలాగే ఉంటే, స్తంభం స్తంభంలాగే ఉంటే మళ్ళీ చెప్పుకునేదేముంది? ఆనక మళ్ళీ ఒక పూర్తి బొమ్మ, మళ్ళీ మార్పులు. వెనక్కి తీసి చూడాలంటే, ముందా పూర్తి బొమ్మను తెచ్చి యంత్రం జ్ఞాపకంలో నిలబెట్టుకోవాలి. దాని మీద మార్పుల్ని ఒక్కొక్కటే అద్దుకుంటూ రావాలి. ఆ ఒక్క బొమ్మా చెడిందా, దాని వెనక వచ్చేవన్నీ తల లేని మొండేలే.

ఇదంతా ఆమె ఒకసారి తమ్ముడికి అన్నం తినేటప్పుడు చెప్పింది. వాడు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కలుపుకుంటూ విన్నాడు.

"అంటే కదలకుండా కూచున్నవాణ్ణి నీ యంత్రం లెక్కలోకే తీసుకోదన్నమాట" అన్నాడు. "నా సంగతే అక్కా అది."

ఆమె నవ్వింది. వాడూ నవ్వాడు. వాడి నవ్వులో నవ్వు లేదన్న సంగతి చాలాసేపటికి గానీ ఆమెకు తట్టలేదు.

తల్లి పోయేనాటికి వాడు చంకలో పిల్లాడు. ఆమెకే లంగా జాకెట్ల వయసు. అప్పటినుంచీ వాడికి అక్కా తనే, అమ్మా తనే. తర్వాత్తర్వాత ఒక సంబంధం వచ్చి, ఇంచుమించు కుదిరి, "పిల్లాణ్ణి ఎక్కడైనా హాస్టల్లో పడేస్తే సరి" అని పెళ్ళికొడుకు తల్లి అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆమె ఆ మాట ఎన్నడూ తమ్ముడికి చెప్పలేదు. ఎవరు చెప్పారో గానీ, వాడికి తెలుసు.

వాడు పెద్దవాడై తీగలు లాగే పనిలో చేరాడు. ఈ బస్టాండులో ప్లాట్‌ఫారాల కెమెరాలు బిగించింది వాడే. "పైన నేను కళ్ళు పెడతా, కింద నువ్వు మూటగట్టుకో" అని ఈల వేసుకుంటూ నిచ్చెన ఎక్కేవాడు. ఆఖరి కెమెరా బిగించేరోజే నిచ్చెన జారింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అప్పటినుంచీ వాడు ఇంట్లోనే ఉన్నాడు. గోడకు చేరబడి, వీధిలోకి చూస్తూ, అక్క రాగానే లేచి తలుపు తీస్తూ.

ఇవాళ పొద్దున్న వాడు పొయ్యి మీంచి పాలగిన్నె దించబోయాడు. అలవాటుకొద్దీ కుడిచెయ్యే ముందుకెళ్ళింది. గిన్నె జారి, పాలు వంటగదంతా పరుచుకున్నాయి. ఆమె అప్పటికే ఆలస్యమై, తడిజుట్టు ముడేసుకుంటూ వచ్చి చూసింది.

"పాలు కాస్తా నేలపాలు! నీ చేతిలో ఏది నిలిచింది గనక!"

నోరు జారాక నాలిక కరుచుకుంది. వాడు గుడ్డ తెచ్చి, గొంతుకూచుని, ఎడమచేత్తో నేల తుడవటం మొదలుపెట్టాడు. ఆమె వాడి పక్కనుంచే, పాలు తొక్కకుండా కాలు ఎత్తి వేసుకుంటూ, గుమ్మం దాటి వచ్చేసింది. సాయంత్రం వెళ్ళాక ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చవచ్చు. వాడి అలకలు ఎన్ని చూళ్ళేదు.

బల్ల మీది ఫోను మోగింది. సూపర్‌వైజరు.

"ప్లాట్‌ఫారాల కెమెరాలు ఇంకాస్త నొక్కమ్మా. కొత్త డిస్కులు ఇప్పట్లో రావు."

"ఇప్పటికే పీల్చి పిప్పి చేశాం సార్. ఇంకా నొక్కితే మొహాలు పోతాయి."

"మొహాలెవరిక్కావాలి? సంచి ఎత్తుకుపోయాడా లేదా తెలిస్తే చాలు. టికెట్ల దగ్గరవీ, లోపలి దారివీ మాత్రం ముట్టుకోకు. గొడవలన్నీ అక్కడే."

"అది కాదు సార్..."

"నీతో నాకెందుకమ్మా వాదన? చోటు లేదు. లేని చోటు నువ్వు పుట్టిస్తావా, నేను పుట్టించనా?"

ఆమె ఫోను పెట్టేసి, ప్లాట్‌ఫారాల వరస తెరిచి, నొక్కుడు ఒక మెట్టు పెంచింది. పూర్తి బొమ్మల మధ్య దూరం పెంచింది. ఒక్క వేలి పని. పైన బస్సేదో వచ్చినట్టుంది, గ్లాసులో నీళ్ళు వణికాయి.

మధ్యాహ్నం టీకి పైకి వెళ్దామని లేస్తుండగా గార్డు ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పోలీసులు పంపారట. ఆయన చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. సరిచేసే మనిషి ఇంట్లో లేదని చూడగానే తెలిసిపోతోంది.

"మా ఆవిడమ్మా" అన్నాడు కూర్చోకుండానే. "పోయిన వారం మందులకని బయల్దేరింది. ఆకుపచ్చ శాలువా. నాకు చెప్పకుండా గుమ్మం దాటే మనిషి కాదు."

వారం దాటినవాటిని యంత్రం తనంతట తనే మరోసారి నొక్కేస్తుంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టి, ఆ పూట బొమ్మలు తీసింది. జనం వచ్చారు, పోయారు. బొమ్మలో మనుషులు గళ్ళుగళ్ళుగా కదిలారు. స్తంభం పక్కనుంచి ఒక ఆకుపచ్చ మరక నడిచి వచ్చింది.

పెద్దాయన ముందుకు వంగాడు. తెర మీద వేలు పెట్టాడు.

"ఈ గళ్ళలో మా ఆవిడ ఏదమ్మా?"

ఆమె బొమ్మ ఆపింది. పెద్దది చేసింది. పెద్దది చేసినకొద్దీ గళ్ళు పెద్దవయ్యాయి తప్ప మనిషి కనబడలేదు.

"నడక ఆవిడదే" అన్నాడాయన. మళ్ళీ, "కాదేమో. ఇంకోసారి వెయ్యమ్మా."

వేసింది.

"ఇంకోసారి."

ఎన్నిసార్లు వేసిందో. టీ వేళ దాటిపోయింది. ఆఖరికి ఆయన రెండు చేతులూ మొహానికి కప్పుకుని గొల్లుమన్నాడు. "ఇన్నేళ్ళు కాపరం చేసి, ఆవిడ నడక పోల్చుకోలేకపోతున్నాను. నాకంటే గుడ్డివాడు నయం."

"మీ తప్పు కాదండీ" అంది ఆమె. తప్పెవరిదో చెప్పటానికి నోరు రాలేదు. తన గ్లాసులో నీళ్ళు ఆయనకిచ్చింది. ఆయన తాగి, కళ్ళు తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

తలుపు మూసి వచ్చి కూర్చుందో లేదో, సెల్‌ఫోను మోగింది. పక్కింటి పిన్ని.

"ఏమే, తమ్ముడు నీ దగ్గరికొచ్చాడా?"

"లేదే, ఏం పిన్నీ?"

"మధ్యాహ్నం తాళంచెవి నా చేతిలో పెట్టి, అక్కకివ్వమన్నాడు. పనిమీద పోతున్నాడేమో అనుకున్నా. ఇందాక మీ ఇంట్లో ఫోను అదేపనిగా మోగుతుంటే తాళం తీసి చూశా. వాడి ఫోను మంచం మీదే ఉంది. ఇల్లంతా అద్దంలా ఉందే. నేలంతా కడిగి, గిన్నెలు బోర్లించి..." పిన్ని గొంతు తగ్గింది. "కొక్కేనికి వాడి సంచీ లేదు."

ఆమె ఏదో అంది. ఏమన్నదో తర్వాత గుర్తు లేదు. ఫోను చేతిలో ఉండగానే రెండో చెయ్యి మీటల మీదికి పోయింది. వాడికి ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ లేరు. పోతే ఇటే రావాలి.

ముందు లోపలి దారి కెమెరా తీసింది. అది నొక్కనిది. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. మెట్ల మీదనుంచి తమ్ముడు దిగి వస్తున్నాడు. భుజానికి సంచీ. తల దువ్వుకున్నాడు. నేరుగా ఈ గది తలుపు దగ్గరికి వచ్చాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. తట్టబోయి ఆగాడు. చెవి ఒగ్గి విన్నాడు. లోపల పెద్దాయన ‘ఇంకోసారి వెయ్యమ్మా’ అంటున్న వేళ అది. వాడు చెయ్యి దించాడు. కాసేపు నిలబడ్డాడు, తలుపుకూ వాడికీ మధ్య జానెడు దూరం. ఆ తలుపుకు ఇవతల ఆమె ఎవరి భార్యనో వెతుకుతోంది. వాడు వెనుదిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"ఒరే" అంది ఆమె తెరతో. "తట్టరా. ఒక్కసారి తట్టు."

ప్లాట్‌ఫారాలు ఒక్కొక్కటే వెతికింది. ఆరో ప్లాట్‌ఫారంలో దొరికాడు. అవి పొద్దున్న తను నొక్కినవి. మొహం లేదు. నీలం చొక్కా గళ్ళు, బెంచీ మీద కూర్చుని. కుడివైపు ఒళ్ళో చెయ్యి పెట్టుకున్న ఆ వంపు మాత్రం వాడిదే. లోకంలో ఇంకెవరూ అలా కూర్చోరు. కెమెరా ఎటు చూస్తుందో వాడికి తెలుసు, బిగించినవాడు వాడే. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బెంచీయే ఎంచుకున్నాడు. మధ్యలో ఒకసారి తల పైకెత్తి సూటిగా చూశాడు. ఆ చూపులో ఏముందో చూద్దామని ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తెర మీద నాలుగు గళ్ళున్నాయి. చామనఛాయవి.

వాడి పక్కన బెంచీ మీద చిన్న పసుప్పచ్చ మరక ఏదో ఉంది.

బస్సు వచ్చి అడ్డంగా ఆగింది. ఆమె బస్సు నుదుటి మీది ఊరి పేరు కోసం వెతికింది. తెల్లటి పలక, అందులో నల్లటి అలుకు. ఒక అక్షరం తేలినట్టే తేలి, చెదిరిపోయింది. వెనక్కి జరిపి మళ్ళీ వేసింది. ఈసారి బొమ్మ మధ్యలోనే ముక్కలైపోయింది. కింది అరలో డిస్కు గట్టిగా పళ్ళు కొరుకుతోంది. మళ్ళీ పూర్తి బొమ్మ వచ్చేసరికి బస్సు లేదు. బెంచీ మీద నీలం లేదు.

ఆమె మేజోళ్ళతోనే మెట్లెక్కి పరుగెత్తింది.

బస్సులు పంపే గుమాస్తా కిటికీ దగ్గర జనాన్ని తోసుకుని తల దూర్చింది. "ఆరో ప్లాట్‌ఫారం నుంచి ఇందాక పోయిన బస్సు ఎక్కడికి?"

"ఇందాకంటే? వరసగా మూడు వదిలామక్కా. మూడూ మూడు దిక్కులకి." ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. "ఏమైంది?"

"మా తమ్ముడు. నీలం చొక్కా. కుడిచెయ్యి పనిచెయ్యదు. ఫోన్లు చెయ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది."

అతను చేశాడు. మొదటి కండక్టరు, లేడన్నాడు. రెండో అతను, బస్సు కిక్కిరిసి ఉంది, ఎవరి చొక్కా ఏ రంగో తనకెట్లా తెలుస్తుందన్నాడు, సగం మంది దారిలోనే దిగారన్నాడు. మూడో ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగి ఆగింది. అది కొండదారి బస్సనీ, అక్కడ సిగ్నలుండదనీ, చీకటి పడితే గానీ గమ్యం చేరదనీ గుమాస్తా చెప్పాడు. చెబుతూ చెబుతూ చూపు తిప్పుకున్నాడు.

"వస్తాడులే అక్కా. మగపిల్లాడు. ఎక్కడికి పోతాడు?"

ఆమె తల ఊపింది. ఎక్కడికి పోతాడన్నదే ఆమె కూడా అడుగుతోంది. ఏ పనీ చేతకాని చేతితో, ఎవరూ ఎరగని ఊళ్ళో, ఏ గోడకు చేరబడతాడు? ఎవరు వస్తే లేచి తలుపు తీస్తాడు?

సాయంత్రపు ఎండ ప్లాట్‌ఫారం మీద ఏటవాలుగా పడుతోంది. ఆరో నంబరు దగ్గర ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ అంతా ఊడ్చేసింది. బెంచీ కింద కూడా ఊడ్చింది. బెంచీ మాత్రం ముట్టుకోలేదు.

"మీ తమ్ముడటగా అక్కా" అంది గోదామక్కను చూసి. "చాలాసేపు కూచున్నాడు. తుడవబోతే ఆపాడు. మా అక్క టీకి పైకొస్తుంది, ఇది ఆమెకని ఉంచాను, తియ్యొద్దమ్మా అన్నాడు. నువ్వేమో ఇవాళ రాకపోతివి."

ఆమె బెంచీ దగ్గరికి నడిచింది. ఒంటిచేత్తో తంటాలుపడి ఒలిచినట్టు, తొక్క చిన్నచిన్న పేళ్ళుగా ఉంది. ఆ పేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, వాటి మీద, దుమ్ము తగలకుండా, సగం నారింజపండు.