మైకులో రాని మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో మైక్‌సెట్లు కిరాయికిచ్చే జైపాల్‌కు ఆ ఏడు ఎల్‌బీ నగర్ పోచమ్మ బోనాల పని దొరికింది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. అక్కడ పూనకంలో రంగం, అంటే అమ్మవారి భవిష్యవాణి, చెప్పే అండాలమ్మ అతనికి సొంత మేనత్త. కాల్చని పచ్చికుండ ఎక్కి నిలబడితే ఆమెకు ఒళ్లు తెలియదు. ఏం పలికిందో తర్వాత గుర్తుండదు.

కమిటీ పెద్ద బాలమల్లు ముందే చెప్పి పెట్టాడు. "తెలంగాణ ఒస్తదని అమ్మ అనంగనే ఎకో పెంచు. బస్తీ దద్దరిల్లాలె."

"అనకుంటే?"

"ఎందుకనదు?"

అండాలమ్మకు పూనకం వచ్చింది. జైపాల్ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

"రాజ్యం సంగతి అడుగుతుండ్రా? నా బిడ్డలు పానాలు తీసుకుంటుంటే మీరు ఫొటోలకు దండలేస్తుండ్రు. ముందు వాళ్లను ఆపుండ్రి!"

మొదటి మాటే స్పీకర్లలోకి పోయింది. ఆ గద్దింపుకు బాలమల్లు ముఖం ముడుచుకోవడం చూసి జైపాల్ మైకు సౌండ్ తగ్గించేశాడు. వెంటనే డప్పులు మోగాయి. వైరు ఊడిందనుకున్నారు జనం. మిగతాదంతా అతని చెవుల్లోనే పడింది.

కుండ దిగిన అండాలమ్మ అడిగింది. "అల్లుడా, అమ్మ ఏం చెప్పిందిరా?"

"తెలంగాణ ఒస్తదన్నది, అత్తా."

ఆమె చేతులెత్తి మొక్కింది. జైపాల్ తల వంచుకుని వైర్లు చుట్టాడు.

మర్నాడు స్పీకర్లు విప్పడానికి వెళ్తే, గుడి అరుగు మీద అండాలమ్మ పక్కన కూర్చుని బస్తీలోని ముత్తమ్మ ఏడుస్తోంది. "మా కొడుకు అభిలాష్ అన్నం ముడతలేడు. నా పానం ఇస్తెనన్న తెలంగాణ ఒస్తదేమో అంటుండు, వదినా."

"ఒస్తదని అమ్మనే చెప్పింది గద! గాబరా ఎందుకు?" అంది అండాలమ్మ.

"అమ్మ అట్ల చెప్పలే, అత్తా," అని జైపాల్ ఉన్నదంతా చెప్పేశాడు.

అండాలమ్మ తిట్టలేదు. అతని ముఖం కూడా చూడలేదు. "నాకు యాది లేదు. విన్నోనివి నువ్వొక్కనివే. పోయి ఆ పిలగానికి నువ్వే చెప్పు."

ముత్తమ్మను బండెక్కించుకుని వాళ్లింటికి వెళ్లాడు. అభిలాష్ గోడకానుకుని కూర్చున్నాడు. అమ్మవారి మాటలు జైపాల్ నోట తడబడుతూ వచ్చాయి.

"మరి నిన్న మాకు ఇనరాలే గదా, అన్నా?"

"నేనే ఆపిన. బాలమల్లుకు భయపడి."

తల్లి పెట్టిన కంచం అభిలాష్ దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు గూడ కూసో, ఇంత తిని పో," అంది ముత్తమ్మ.

ఆ ఇంట కూర్చోవడానికి జైపాల్‌కు ముఖం చెల్లలేదు. పని ఉందని గొణిగి బయటపడ్డాడు.